గ్రేస్ హాపర్

హైదరాబాదు నుండి ముంబయికి పోవు రైలుమార్గమున వికారాబాదు ఒక కూడలి. అనంతగిరి కొండల చెంతనున్న ఆ పట్టణమును దాటి పడమరగా సాగిన బండి తాండూరు చేరును. నాపరాతి బండలకును, కందిపప్పునకును పేరుపొందిన ఊరు తాండూరు. ఈ రెండు స్టేషనులలోను టిక్కెట్టు కొరకు ప్రయాణికులు కిటికీల యెదుట బారులు తీరి నిలుచుట నిత్యమును కానవచ్చు దృశ్యము. ఒక్కొక్కప్పుడు కిటికీలోపలి కంప్యూటరు ఉన్నట్లుండి ఆగిపోవును. సర్వరు పనిచేయుట లేదను మాట వరుస చివరివరకు ప్రాకును. కూలికి పోవలసినవాడు, ఆసుపత్రికి పోవలసిన వృద్ధురాలు, పరీక్షకు పోవలసిన విద్యార్థి ఏమియు తోచక నిలిచిపోవుదురు. యంత్రమునకు ఏదో గ్రహచారము పట్టినదని కొందరు నవ్వుచు అనుకొందురు.

కాని యంత్రమునకు గ్రహచారము లేదు. అది ఆగినచో అందుల కొక కారణముండును. కారణమున్నచో దానిని వెదకి కనుగొనవచ్చును. కనుగొన్నదానిని వ్రాసి యుంచినచో మరియొకమారు వెదకువానికి శ్రమ తగ్గును. ఈ సత్యమును జీవితమంతయు ఆచరించి, లోకమునకు బోధించిన విదుషీమణి గ్రేస్ హాపర్. ఆమె అమెరికా దేశీయురాలు, గణితశాస్త్ర పండితురాలు, నౌకాసేనాధికారిణి. నేడు కంప్యూటరు దోషములను దిద్దువారందరును వాడుచున్న ఒక పదమునకు ప్రచారము కల్పించినదియు ఆమెయే.

గ్రేస్ 1906వ సంవత్సరము డిసెంబరు 9వ తేదీన న్యూయార్కు నగరమున జన్మించెను. పుట్టినింటి పేరు మరే. ముగ్గురు సంతానములో ఆమె పెద్దది. తండ్రి వాల్టర్ మరే భీమా వ్యాపారి. తల్లి మేరీకి గణితమన్న మిక్కిలి ప్రీతి. కాని ఆ కాలమున ఆడపిల్లలు ఉన్నత గణితము నభ్యసించుట వాడుకలో లేనందున ఆ తల్లి కోరిక పూర్తిగా తీరలేదు. తండ్రికి రక్తనాళముల వ్యాధి సోకి రెండు కాళ్లును తీసివేయవలసి వచ్చెను. ఆయన అధైర్యపడక కొయ్యకాళ్లు తొడిగికొని, చేతికఱ్ఱల సాయమున నడచుచు, తన వృత్తిని సాగించెను. కుమార్తెలు కూడ కుమారునితో సమముగ చదివి స్వశక్తిమీద నిలువవలెనని ఆ దంపతుల సంకల్పము.

గ్రేస్‌కు ఏడేండ్లు వచ్చునప్పటికే యంత్రముల మర్మము తెలిసికొనవలె నను కుతూహలము కలిగెను. వారి వేసవి విడిదిలో ఏడు పడకగదు లుండెను. ఒక్కొక్క గదిలో ఒక్కొక్క అలారపు గడియారము. ఆ గంట ఎట్లు మ్రోగునో చూడవలెనని బాలిక ఒక గడియారమును విప్పెను. చక్రములును, తీగచుట్టలును నేలపై చెల్లాచెదరై పడెను. వానిని తిరిగి అమర్చుట చేతకాలేదు. లోపలి అమరిక యెట్లున్నదో చూచుటకు రెండవ గడియారమును విప్పెను. పిదప మూడవదానిని విప్పెను. తల్లి గమనించునప్పటికి ఏడు గడియారములును విడిభాగములై యుండెను. తల్లి ఆమెను దండింపలేదు. ఇకమీదట విప్పి చూచుటకు ఒక్క గడియారమును మాత్రమే వాడుకొనవలెనని నియమము చేసెను. బాలిక కుతూహలము చావలేదు. దానికొక హద్దు మాత్రము ఏర్పడెను.

ఆమె విద్యాభ్యాసము ఆటంకములు లేక సాగినదని తలంపరాదు. వాసర్ కళాశాల ప్రవేశపరీక్షలో లాటిను భాషలో తగిన మార్కులు రానందున ఒక యేడు ఆగవలసి వచ్చెను. లోపమెచట నున్నదో తెలిసినది గనుక ఆ యేడు లాటినునే శ్రద్ధగా చదివి, మరుసటి యేట ప్రవేశము పొందెను. 1928లో గణిత, భౌతిక శాస్త్రములలో పట్టము సంపాదించెను. పిమ్మట యేల్ విశ్వవిద్యాలయమున చేరి, 1930లో ఎం.ఏ. పట్టమును, 1934లో గణితమున డాక్టరు పట్టమును పొందెను. 1930లో ఆంగ్ల సాహిత్యోపాధ్యాయుడైన విన్సెంట్ హాపర్‌ను వివాహమాడెను. పదునైదేండ్ల పిమ్మట ఆ వివాహబంధము విడిపోయినను, హాపర్ అను పేరు ఆమెకు శాశ్వతముగ నిలిచెను.

1931 నుండి ఆమె వాసర్ కళాశాలలోనే గణితము బోధించెను. ఆమె పద్ధతి కొంత వింతగా నుండెడిది. గణిత విద్యార్థులచేత ఆమె వ్యాసములు వ్రాయించెడిది. లెక్కలు నేర్చుటకు వచ్చినవారము వ్యాసము లెందులకు వ్రాయవలెనని విద్యార్థులు గొణుగుకొనెడివారు. తాను నేర్చినదానిని ఇతరులకు తెలియునట్లు చెప్పలేనివానికి ఆ విద్యవలన ప్రయోజనము స్వల్పమని ఆమె నమ్మకము. ఈ నమ్మకమే పిమ్మట ఆమె చేసిన మహత్కార్యములకు బీజమయ్యెను.

1941 డిసెంబరు 7వ తేదీన పెర్ల్ హార్బరుపై బాంబులు పడెను. అమెరికా యుద్ధమున ప్రవేశించెను. గ్రేస్ ముత్తాత నౌకాసేనలో ఉన్నతాధికారి. తానును ఆ సేనలో చేరి దేశసేవ చేయవలెనని ఆమె తలపోసెను. అధికారులు అంగీకరింపలేదు. ఆమె వయస్సు ముప్పదియైదేండ్లు; అది వారి దృష్టిలో ఎక్కువ. ఆమె బరువు నిర్ణీతమైన దానికంటె పదునైదు పౌనులు తక్కువ. గణితోపాధ్యాయిని కళాశాలలో నుండుటయే దేశమునకు మేలని వారి వాదము. ఆమె పట్టువిడువక ప్రత్యేకానుమతి సంపాదించి, 1943 డిసెంబరులో సేనలో చేరెను. శిక్షణలో తనకంటె ఎంతో చిన్నవారైన యువతులతో కలిసి కవాతు చేసి, తన తరగతిలో ప్రథమురాలై 1944లో ఉత్తీర్ణురాలయ్యెను. ఓడపై పంపుదురని ఆమె ఆశించియుండవచ్చును. కాని నౌకాసేన ఆమెను హార్వర్డు విశ్వవిద్యాలయమునకు పంపెను. అచ్చట ఒక విచిత్రయంత్రము ఆమెకొరకు వేచియుండెను.

ఆ యంత్రము పేరు మార్కు-1. హోవర్డ్ ఐకెన్ అను శాస్త్రజ్ఞుడు దాని రూపకర్త. దాని పొడవు 51 అడుగులు; ఎత్తు 8 అడుగులు; బరువు సుమారు 5 టన్నులు. అందులోని తీగలన్నియు కలిపి సాగదీసినచో 530 మైళ్లు వచ్చును. హైదరాబాదు నుండి వికారాబాదు, తాండూరుల మీదుగా ముంబయికి పోవు రైలుమార్గముకంటె అది ఎక్కువ దూరము. అంతటి యంత్రము సెకనుకు మూడు కూడికలు మాత్రమే చేయగలిగెడిది. ఒక గుణకారమునకు ఆరు సెకనులు, ఒక భాగహారమునకు పదునైదు సెకనులకు పైగా పట్టెడిది. నేటి బాలుని చేతిలోని ఫోనుతో పోల్చినచో అది నత్తనడక. కాని ఆనాటికి అది అద్భుతము. చిల్లులు పొడిచిన కాగితపు పట్టీ దాని కాజ్ఞలు. ఏ చిల్లి ఎచ్చట నుండవలెనో నిర్ణయించుట గ్రేస్‌కు అప్పగింపబడిన పని. అట్టి పని చేసినవారిలో ఆమె లోకమున మొదటి కొద్దిమందిలో నొకతె.

ఆ పని ఆటవంటిది కాదు. నౌకలమీది ఫిరంగులను ఏ కోణమున నిలిపి ప్రేల్పవలెనో తెలుపు పట్టికల వంటివి ఆ యంత్రమునుండియే రావలెను. ఒక అంకె తప్పినచో గుండు గురితప్పును. గుండు గురితప్పినచో నావికుల ప్రాణములు పోవచ్చును. అందుచేత యంత్రము రాత్రింబవళ్లు పనిచేయుచుండెను. గ్రేస్‌ను, ఆమె సహచరులును ఏ క్షణమున పిలుపు వచ్చినను లేచి పరుగిడవలసినవారై యుండిరి.

యంత్రము తప్పు సమాధాన మిచ్చినపుడు వారు మొదట తేల్చుకొనవలసిన ప్రశ్న ఒకటే. తప్పు యంత్రమునందున్నదా? యంత్రమున కిచ్చిన ఆజ్ఞయందున్నదా? తీగ తెగియుండవచ్చును; స్పర్శబిందువుపై దుమ్ము పేరుకొనియుండవచ్చును. అది యంత్రదోషము. కాగితపు పట్టీపై ఒక చిల్లి పొరపాటున ఎక్కువ పడియుండవచ్చును. అది మానవదోషము. ఈ రెంటిని వేరు చేయుటకు వారు ముందే సమాధానము తెలిసిన లెక్కను యంత్రమున కిచ్చెడివారు. దానికి సరియైన సమాధానము వచ్చినచో యంత్రము నిర్దోషి; ఆజ్ఞను వెదకవలెను. రానిచో యంత్రమునే భాగములుగ విడదీసి పరీక్షింపవలెను. ఈ విధానము నేటికిని మారలేదు.

యుద్ధము ముగిసిన పిమ్మట మార్కు-1 యంత్రమును నడపు విధానమును తెలుపు గ్రంథమొకటి 1946లో వెలువడెను. ఐదువందలకు మించిన పుటలు గల ఆ గ్రంథరచనలో ప్రధానభారమును గ్రేస్ వహించెను. యంత్రమును నిర్మించుటతో పని తీరదనియు, అది ఎట్లు నడచునో, ఎట్లు ఆగునో, ఆగినపుడు ఏమి చేయవలెనో వ్రాసియుంచుట యావశ్యకమనియు అది నిరూపించెను. కంప్యూటరును గూర్చి వెలువడిన తొలి విపులగ్రంథములలో అది యొకటి.

పిదప హార్వర్డునందు మార్కు-2 అను యంత్రము సిద్ధమయ్యెను. దానిలో వేలకొలది రిలేలు అమర్చబడియుండెను. రిలే యనగా విద్యుత్తుచే నడచు చిన్న మీట. విద్యుత్తు ప్రవహించినపుడు ఒక లోహపురేకు ఆకర్షింపబడి మరియొక ముక్కను తాకును, ఆగినపుడు ఎడబాయును. ఆ రెంటి నడుమ పూచికపుల్ల యంత వస్తువు చిక్కినను లెక్క తప్పును.

1947 సెప్టెంబరు 9వ తేదీన ఆ యంత్రము సరిగా పనిచేయలేదు. యంత్రమును నడపువారు దినచర్య పుస్తకమున ఏ గంటకు ఏ పరీక్ష చేసినదియు వ్రాసికొనుచు పోయిరి. మధ్యాహ్నము 3 గంటల 25 నిమిషములకు సంకలన భాగమును పరీక్షింప నారంభించిరి. ఇరువది నిమిషములు గడచెను. 3 గంటల 45 నిమిషములకు ఎఫ్ అను పలకలోని 70వ సంఖ్య గల రిలేలో దోషము బయటపడెను. ఒక దీపపు పురుగు ఆ రిలే నడుమ చిక్కి చచ్చియుండెను. వారు దానిని మెల్లగా తీసి, పారవేయక, దినచర్య పుస్తకములోనే అంటించి, నిజమైన పురుగు దొరికిన తొలి సందర్భమిదియే యని వినోదముగ వ్రాసిరి. ఆ పుస్తకము నేడు అమెరికా రాజధాని వాషింగ్టనులోని జాతీయ చరిత్ర ప్రదర్శనశాలకు చెందియున్నది.

ఈ కథ లోకమున పలువిధములుగ వ్యాపించినది. పురుగును గ్రేస్ స్వయముగ పట్టెనని కొందరందురు. అది సరికాదు. పట్టినవారు ఆమె సహచరులు. ఆ వ్రాత కూడ ఆమెది కాదు. యంత్రదోషమును పురుగు అను అర్థము గల బగ్ అను మాటతో పిలుచుట కూడ అప్పుడే పుట్టినది కాదు. 1870లనాటికే ఎడిసన్ ఆ మాటను వాడియుండెను. వాడుకలో నున్న మాటకు నిజమైన పురుగు దొరకుటయే ఆనాటి వారికి నవ్వు పుట్టించెను. గ్రేస్ చేసినది ఆ కథను వందలకొలది సభలలో చెప్పుట. ఆమె చెప్పుటవలన దోషమును బగ్ అనియు, దోషమును తొలగించుటను డీబగ్గింగ్ అనియు పిలుచుటకు ప్రచారము కలిగెను. దోషమును దాచక పుస్తకమున అంటించి పదిమందికి చూపిన ఆ తీరే ఆ కథలోని సారము.

1949లో గ్రేస్ హార్వర్డును విడిచి ఫిలడెల్ఫియా నగరమున ఎకర్ట్, మాక్లీ అను ఇరువురు శాస్త్రజ్ఞుల సంస్థలో చేరెను. అచ్చటనే యూనివాక్ అను పేరుగల కంప్యూటరు రూపొందుచుండెను. అంతకు ముందుగ నిర్మింపబడిన బైనాక్ అను యంత్రము ఎనిమిది అంకెల పద్ధతిలో లెక్కించెడిది. ఆ పద్ధతిలో 7 తరువాత 10 వచ్చును. 8, 9 అను అంకెలు లేనే లేవు. గ్రేస్ ఆ పద్ధతి నెంతగా అలవరచుకొనెననగా, మూడు నెలలపాటు ఆమె బ్యాంకు లెక్క కుదరలేదు. ఎచ్చట తప్పినదో ఎంత వెదకినను ఆమెకు తెలియలేదు. బ్యాంకు ఉద్యోగియైన తమ్ముడు పరీక్షించి చూడగా, ఆమె తన సొమ్మును కూడ అప్పుడప్పుడు ఎనిమిది అంకెల పద్ధతిలో తీసివేయుచున్నట్లు తేలెను. తాను వ్రాసిన తప్పు తన కంటికి కానరాదు, మరియొకరికి చూపవలెను. తనమీదనే నవ్వుకొనుచు ఈ కథను చెప్పుట ఆమెకు ప్రీతి.

ఇంతకంటె పెద్ద దోషమొకటి ఆమె దృష్టికి వచ్చెను. ఒక లెక్కకొరకు వ్రాసిన ఆజ్ఞల వరుస మరియొక లెక్కకును పనికివచ్చును. కావున నిపుణులు దానిని తమ పుస్తకములనుండి చేతితో ఎత్తివ్రాసికొనెడివారు. ఎత్తివ్రాయునపుడు తప్పులు దొరలెడివి. ఆంగ్లాక్షరమైన బి, 13 అను సంఖ్యగ మారిపోయెడిది. ఖాళీని సూచించు త్రికోణపు గుర్తు 4 అను అంకెగ మారెడిది. ఒక్క గుర్తు మారినను పని అంతయు చెడును. దినములకొలది వెదకినను తప్పు దొరకదు. మనుష్యులకు ఎత్తివ్రాయుట చేతకాదనియు, కూడిక కూడ నమ్మకముగ రాదనియు గ్రేస్ గ్రహించెను. ఆ రెండు పనులను విసుగులేక చేయగల యంత్రము ఎదుటనే యున్నదిగదా! పనిని యంత్రమునకే అప్పగింపవలెనని ఆమె నిశ్చయించెను.

1951, 1952 సంవత్సరములలో ఆమె ఏ-జీరో అను కంపైలరును వ్రాసెను. సిద్ధముగనున్న ఆజ్ఞల వరుసలను ఏరి, కూర్చి, ఒక ప్రోగ్రాముగ తయారుచేయు సాధనము కంపైలరు. దానిని ఆమె ప్రకటించినపుడు చాలమంది నమ్మలేదు. కంప్యూటరు లెక్కలు చేయగలదే గాని తన ఆజ్ఞలను తానే కూర్చుకొనలేదని వారి వాదము. పనిచేయు కంపైలరు కన్నులయెదుట నున్నను, దానిని ముట్టుటకు పలువురు సంకోచించిరి. గ్రేస్ వారితో కలహింపలేదు. పనిచేయుట చూపుచు పోయెను.

అంతటితో ఆమె ఆగలేదు. కంప్యూటరును వాడవలసినవారందరును గణిత పండితులు కారు. వ్యాపారి, గుమాస్తా, లెక్కలు వ్రాయువాడు తమకు తెలిసిన మాటలతోనే యంత్రమున కాజ్ఞ నీయగలుగుట మేలుకదా యని ఆమె యోచించెను. ఆంగ్లపదములతో పనిచేయు భాషనొకదానిని రూపొందించి, ఫ్రెంచి, జర్మను పదములతో కూడ అదే పని జరుగునని చేసి చూపెను. అధికారులు ఆశ్చర్యపడిరి. అమెరికాలో తయారైన యంత్రమునకు ఫ్రెంచి భాష ఎట్లు తెలియునని వారు బెదరిరి. యంత్రమునకు ఆంగ్లము కూడ తెలియదు. దానికి ప్రతి మాటయు ఒక గుర్తు మాత్రమే యని వారికి నచ్చజెప్పుటకు ఆమెకు చాల కాలము పట్టెను. చివరకు ఆ భాష ఫ్లో-మాటిక్ అను పేర వెలువడెను.

ఆ రోజులలో ఒక్కొక్క సంస్థ యంత్రమునకు ఒక్కొక్క భాష. ఒకదానికొరకు వ్రాసినది వేరొకదానిపై పనిచేయదు. 1959లో నిపుణులు సమావేశమై, అన్నిటికిని పనికివచ్చు భాషను రూపొందింప పూనుకొనిరి. దానికి కోబాల్ అని పేరు. గ్రేస్ ఆ సభకు సలహాదారు. ఫ్లో-మాటిక్ దానికి ముఖ్యమైన పునాదియయ్యెను. 1960 డిసెంబరులో ఒకే ప్రోగ్రామును రెండు వేర్వేరు సంస్థల యంత్రములపై నడిపి చూపిరి. అనేక దేశముల బ్యాంకులు, ప్రభుత్వ కార్యాలయములు దశాబ్దములతరబడి ఆ భాషలోనే తమ లెక్కలు నడిపెను.

1966 చివర నౌకాసేన గ్రేస్‌కు విశ్రాంతి నిచ్చెను. వయోభారముచే వచ్చిన విరమణ అది; ఆమెకు దుఃఖము కలిగించెను. కాని సేనయందలి కోబాల్ ప్రోగ్రాములు ఒక్కొక్కచోట ఒక్కొక్క రీతిగ నడచుచు చిక్కులు తెచ్చెను. వానిని సరిదిద్దుటకు 1967 ఆగస్టులో ఆరునెలలకొరకు ఆమెను తిరిగి పిలిపించిరి. ఆ ఆరునెలలు పందొమ్మిదేండ్లయ్యెను. ఒక్కొక్క కంపైలరు నియమములను పాటించుచున్నదో లేదో పరీక్షించు సాధనములను ఆమె బృందము తయారుచేసెను. ఇంతకుముందు ఇట్లే చేసితిమి గనుక ఇట్లే చేయుదుమను వాదము ఆమెకు గిట్టదు. ఆమె గదిలోని గడియారపు ముండ్లు అపసవ్యముగ తిరిగెడివి. దానినిబట్టి కూడ వేళ తెలిసికొనవచ్చునని వచ్చినవారికి ఆమె చూపెడిది.

కనబడనిదానిని కనులకు కట్టునట్లు చెప్పుటలో ఆమె దిట్ట. ఉపగ్రహముద్వారా వార్త చేరుటకు ఆలస్యమేల యని సేనానాయకులు ఆమె నడిగెడివారు. ఆమె సంచిలోనుండి జానెడుకు మించిన తీగముక్కలను తీసి పంచిపెట్టెడిది. సెకనులో నూరుకోట్లవ వంతు నానోసెకను. ఆ కాలమున విద్యుత్తు పోగల గరిష్ఠదూరము పండ్రెండంగుళములకు కొంచెము తక్కువ. ఆ తీగ పొడవు అంతయే. దానికి వేయిరెట్లైన మైక్రోసెకనుకు గుర్తుగ దాదాపు వేయి అడుగుల తీగచుట్టను చూపెడిది. భూమికిని, ముప్పదియారువేల కిలోమీటర్ల ఎత్తుననున్న ఉపగ్రహమునకును నడుమ ఇట్టి తీగముక్క లెన్ని పట్టునో లెక్కించుకొమ్మని సూచించెడిది. వార్త పోయి వచ్చుటకు సెకనులో నాల్గవ వంతు పట్టుట దోషము కాదు, దూరధర్మమని వారికి బోధపడెడిది. దోషము కానిదానిని దోషమని వెదకుట కూడ వృథాశ్రమయే.

ఒకే మహాయంత్రముపై సర్వభారమును మోపుట ఆమెకు సమ్మతము కాదు. పెద్ద దుంగను ఒక ఎద్దు లాగలేనపుడు పూర్వులు మరింత పెద్ద ఎద్దును పెంచుటకు ప్రయత్నింపలేదనియు, రెండవ ఎద్దును కట్టిరనియు ఆమె ఉదాహరించెడిది. తాండూరు గనులనుండి బండలు తోలిన బండివానికి ఈ మాట వివరింప నక్కరలేదు. అట్లే ఒక పెద్ద కంప్యూటరుకు బదులు అనేకమైన చిన్న కంప్యూటర్లను తీగలతో కలిపి పని పంచవలెనని 1970లలోనే ఆమె ప్రబోధించెను. నేడు నెట్‌వర్కు అని పిలుచుచున్నది అట్టిదే. ఒకటి ఆగినను తక్కినవి పనిచేయును.

ఆమె పునాది వేసిన కోబాల్ తెలుగువారి జీవితములను కూడ స్పృశించినది. పూర్వము యంత్రముల జ్ఞాపకస్థలము మిక్కిలి ఖరీదైనది గావున సంవత్సరమును నాలుగంకెలతో గాక చివరి రెండంకెలతో వ్రాసెడివారు. 2000వ సంవత్సరము రాగానే 00 అను గుర్తును యంత్రము 1900గ భావించు ప్రమాదమేర్పడెను. లోకమంతటనున్న పాత ప్రోగ్రాములను వరుసవెంట వరుస చదివి దిద్దవలసి వచ్చెను. 1990ల చివరి భాగమున హైదరాబాదులోని అమీర్‌పేట వంటి తావుల శిక్షణాలయములలో తెలుగు యువతీయువకులు కోబాల్ నేర్చి, ఆ దోషనివారణకై స్వదేశమునను, అమెరికాలోను పనిచేసిరి. ఎందరి కుటుంబములకో అది జీవనోపాధి చూపెను.

1986 ఆగస్టు 14వ తేదీన గ్రేస్ రియర్ అడ్మిరల్ హోదాలో పదవీవిరమణ చేసెను. అప్పటి కామె వయస్సు 79 ఏండ్లు. నాటి నౌకాసేనలో క్రియాశీలకాధికారులందరిలో ఆమెయే వృద్ధురాలు. బోస్టను రేవులోని ప్రాచీన యుద్ధనౌకపై ఆ ఉత్సవము జరిగెను. పిదప కూడ ఆమె ఊరకుండక ఒక కంప్యూటరు సంస్థకు సలహాదారై, దేశమంతట తిరిగి యువకులకు ఉపన్యాసము లిచ్చెను. 1992 జనవరి 1వ తేదీన కన్నుమూసెను. ఆర్లింగ్టను జాతీయ శ్మశానవాటికలో సైనిక లాంఛనములతో అంత్యక్రియలు జరిగెను. ఆమె పేరు పెట్టిన యుద్ధనౌక 1997లో సేనలో చేరెను. 2016లో అమెరికా అధ్యక్షుడు ఆమెకు మరణానంతరము ఆ దేశపు అత్యున్నత పౌరపురస్కారము నొసగెను. యువతకు బోధించుటయే తాను చేసిన పనులలో ముఖ్యమైనదని ఆమె తలచెడిది.

రైల్వే టిక్కెట్లకొరకు సికింద్రాబాదులో 1994లో కొత్త కంప్యూటరు విధానము నెలకొల్పబడెను. ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై కేంద్రములతో అది క్రమముగ కలుపబడెను. చిన్న స్టేషనులోని కిటికీనుండి దేశములోని ఏ మూలకైనను టిక్కెట్టు పొందుట అట్లు సాధ్యమయ్యెను. అంత దూరము సాగిన తీగల అల్లికలో ఎచ్చటనో దోషము పుట్టుట సహజము. వికారాబాదు స్టేషనులోని కంప్యూటరు ఆగినచో దానిని బాగుచేయు నిపుణుడు కేంద్రసర్వరును వెంటనే నిందింపడు. మొదట విద్యుత్తు వచ్చుచున్నదా యని చూచును. పిదప తీగ బిగువుగ నున్నదా యని చూచును. పక్క కిటికీలోని యంత్రము పనిచేయుచున్నదా యని విచారించును. అది పనిచేయుచున్నచో దోషము ఈ యంత్రమునందే కలదు. అదియు ఆగియున్నచో స్టేషనులోని ఉమ్మడి పరికరమును పరీక్షించును. తాండూరులో కూడ ఆగియున్నచో దోషము ఇంకను దూరమున నున్నది. ఒక్కొక్కమారు ఒక్క మార్పు మాత్రమే చేయును. చేసినదానిని వేళతోసహా వ్రాసికొనును. ఒకేమారు నాలుగు మార్పులు చేసినవానికి యంత్రము బాగుపడినను కారణము తెలియదు.

ఏడు గడియారములను విప్పిన బాలిక ముదిమివరకును ఈ పద్ధతినే పాటించెను. దోషమును చూచి భయపడలేదు. ఇతరులపై నెట్టలేదు. దాచలేదు. కారణము వెదకెను, కనుగొన్నదానిని అందరికిని అర్థమగు భాషలో చెప్పెను. కిటికీయెదుట ఆశతో నిలిచిన వృద్ధురాలు సకాలమున ఆసుపత్రికి చేరుటయు, విద్యార్థి పరీక్షకు అందుటయు తెరవెనుక ఓర్పుతో వెదకు అట్టివారి కృషివలననే జరుగుచున్నది.